పరామర్శకు ఎవరూ రాని ఇల్లు

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. అబిడ్స్ పెద్ద రోడ్డు వెనక సందులో, కళ్లద్దాల షాపు పైన మొదటి అంతస్తులో రెండు గదులు నా క్లినిక్. లిఫ్టు ఉంది గానీ అది పనిచేయగా చూసినవాళ్లు అరుదు. మెట్లెక్కి వచ్చినవాళ్లు ముందు కాసేపు ఆయాసపడి, మంచినీళ్లు తాగి, ఆ తర్వాతే ఏడుపు మొదలుపెడతారు. నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. మందులు రాయను, మనుషుల చేత మాట్లాడిస్తాను. ఇది కూడా ఒక ఉద్యోగమేనంటే మా చుట్టాల్లో చాలామందికి ఇప్పటికీ నమ్మకం లేదు. "మాట్లాడితే ఫీజు ఇస్తారా? అయితే మా అత్తగారికి ఈపాటికి రెండు మేడలు లేచి ఉండాలి" అంటుంది మా తోడికోడలు.

ఆ ఏడాది శనివారం మధ్యాహ్నాలు ఒక గ్రూపు నడిపాను. గ్రూప్ థెరపీ అంటే ఒకే రకం బాధ పడుతున్నవాళ్లు గుండ్రంగా కుర్చీలు వేసుకుని ఒకరి మాట ఒకరు వినడం. ఇది విడిపోయినవాళ్ల గ్రూపు. విడాకులైనవాళ్లు, కోర్టు మెట్లెక్కకుండానే ఎవరి దారి వాళ్లు చూసుకున్నవాళ్లు, పెళ్లిదాకా రాకుండానే తెగిపోయినవాళ్లు వచ్చేవారు. ఇక్కడి మాట బయటికి పోకూడదు, గ్రూపు అయ్యేదాకా బయట కలుసుకోకూడదు, గదిలో తినకూడదు. ఇవీ నా నియమాలు. చివరిదానికి అందరూ నవ్వుతారు. కానీ నోట్లో ముద్ద ఉన్న మనిషి మాట్లాడడు, ఎదుటివాళ్లు ఏడుస్తుంటే ప్లేటు వంక చూస్తాడు. అందుకే పెట్టాను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ గ్రూపులో జరిగిందే. సంబంధించినవాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లూ, కొన్ని ఆనవాళ్లూ మార్చాను.

సునీత దగ్గర్లోనే ఒక స్కూల్లో లెక్కల టీచరు. సొంతూరు మెదక్. గ్రూపులో చేరకముందు ఆమెతో ఇన్‌టేక్ జరిగింది. అంటే మనిషిని తెలుసుకోవడానికి విడిగా కూర్చుని మాట్లాడే మొదటి రోజు. చక్కగా ఇస్త్రీ చేసిన కాటన్ చీర, కళ్ల కింద నల్లటి చారలు. నిద్ర పట్టడం లేదంది. తిన్నది దిగడం లేదంది. డాక్టరు గ్యాస్ట్రిక్ అని గోలీలు ఇచ్చాడంది. చాలాసేపు కడుపు గురించే మాట్లాడాక, కిటికీ వైపు చూస్తూ అసలు సంగతి చెప్పింది.

"గౌలిగూడల మాది కిరాయి ఇల్లు మేడం. నేను, జయ. ఏడేండ్లు ఉన్నం. ఓనరుకు, మా అమ్మకు, స్కూల్లకు, అందరికీ రూమ్మేట్లమనే చెప్పినం. మేం మాత్రం గట్ల అనుకోలే. ఒకనాడు పొద్దుగాల వంటింట్ల నిలబడి 'ఇంక చాలు సునీతా' అన్నది. ఆమె మనసుల వేరే ఎవరో ఉన్నరంట. గంతే. సామాన్లు సదురుకొని పుణె పోయింది."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్లీ అంది.

"మా అమ్మ సంబంధం చూసింది. దసరా సెలవులల్ల వాళ్లు చూడనీకి వస్తరు. నీ ఇష్టమమ్మా అని చెప్పేసిన. ఊఁ అంటే అయిపోతది గద మేడం? ఎవరితోనో ఒకరితోని ఉంటే ఈ ఇంట్ల ఒక్కదాన్నే గిట్ల ఏడ్వను గద?"

ఇలాంటి చోట నాకు నాలుక దురద పెడుతుంది. సలహా ఇవ్వడం నా రక్తంలోనే ఉంది. మా ఇంట్లో కూర ఎవరు వండినా ఉప్పు సంగతి నేనే చెబుతాను. కానీ ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ నాలుకను అదుపులో పెట్టుకోవడమే నా ఉద్యోగం. ఆ పిల్ల, ఎవరో తెలియని ఒక మనిషి జీవితంలోకి, కేవలం ఏడుపు ఆపుకోవడానికి నడిచి వెళ్లబోతోంది. అది ఇద్దరికీ అన్యాయం. అయినా ఆ మాట ఆమెకే తట్టాలి.

"దసరా దాకా ఊఁ అనకు, ఉహూఁ అనకు. పెద్ద నిర్ణయాలు ఏడుస్తూ తీసుకోవద్దు. ముందు ఆ ఏడుపేదో పూర్తిగా ఏడుద్దాం" అన్నాను.

మా చదువులో దీనికి డిసెన్‌ఫ్రాంచైజ్డ్ గ్రీఫ్ అని నోరు తిరగని పేరు ఉంది. మనిషికి దుఃఖం ఉంటుంది, కానీ అది దుఃఖమేనని చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోవాలంటే ముందు వాళ్లకు తెలియాలి. సునీత విషయంలో అసలు తెలిసినవాళ్లే లేరు. అందుకే ఆమెను గ్రూపులో చేరమన్నాను. ఏం చెప్పుకోవాలో, ఎంత చెప్పుకోవాలో ఆమె ఇష్టానికే వదిలేశాను.

గ్రూపులో ఇద్దరి గురించి మీకు చెప్పాలి. ఒకరు మూర్తి గారు. నాంపల్లిలో ఇన్సూరెన్స్ ఆఫీసులో అధికారి. వాళ్ల తాతగారు పంతొమ్మిది వందల యాభై ఆరులో సర్కారు ఉద్యోగంతో పాటే గోదావరి ఒడ్డు నుంచి ఖైరతాబాద్ వచ్చి స్థిరపడ్డారు. ఈయన పుట్టి పెరిగిందంతా ఇక్కడే అయినా ఆ యాస మాత్రం ఇంట్లో అలాగే పెరిగింది. పెళ్లయిన పదహారేళ్లకు భార్య లలిత విడిపోయింది. రెండో మనిషి పద్మక్క, నాంపల్లి స్టేషన్ రోడ్డు దగ్గర టైలరింగ్ షాపు. ఆమె భర్త వేరే కాపురం పెట్టుకున్నాడు. మిగిలిన ఇద్దరూ మాటలు తక్కువవాళ్లు.

మొదటి శనివారం సునీత ముక్తసరిగా చెప్పింది. "నా రూమ్మేట్ ఎల్లిపోయింది. ఏడేండ్లు కలిసి ఉన్నం. మనసు బాగుంటలేదు."

మూర్తి గారు వెంటనే అందుకున్నారు. "రూమ్మేట్టేనా అమ్మాయ్! గేటుకి టు-లెట్ బోర్డు కట్టు, వారం తిరక్కుండా ఇంకో రూమ్మేట్ దొరుకుతుంది. మా బాధలు చూడు, ఏ బోర్డు కడితే తీరతాయి?"

అందరూ నవ్వారు. సునీత కూడా నవ్వింది. అది నవ్వు కాదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. కానీ రహస్యం ఆమెది, విప్పే హక్కు నాకు లేదు. తర్వాతి వారం ఆమె నోరు విప్పలేదు. వస్తూనే మూలకుర్చీలో కూర్చునేది, అయిపోగానే చెప్పులేసుకుని వెళ్లిపోయేది.

మూర్తి గారి కష్టం వేరు. ఆయనకు ఓదార్పు ఎక్కువైపోయింది. మూడో శనివారం ఆ గోడు వెళ్లబోసుకున్నారు.

"రోజూ సాయంత్రమయ్యేసరికి చుట్టాలండీ, మేడం! పరామర్శట! మా మేనత్తగారైతే బట్టలు సర్దుకుని మరీ వచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు లలితను తిట్టడం. కాఫీ కలిపేదీ నేనే, ఆ తిట్లు వినేదీ నేనే. పదహారేళ్లు నాతో ఉన్న మనిషండీ. వాళ్లు తిడుతుంటే నాకు ఇక్కడ పొడుచుకుంటుంది. ఎవర్నీ రావద్దనలేను. నేనేం చెయ్యను?"

మూల కుర్చీ నుంచి ఒక్కసారిగా గొంతు లేచింది.

"మీ ఇంటికి వచ్చేటోళ్లల్ల సగం మందిని మా ఇంటికి పంపియ్యున్రి సార్!"

అందరం తిరిగి చూశాం. సునీత కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

"ఇన్ని నెలలైంది. ఒక్కరు గూడ మా తలుపు కొట్టలే. ఏమైంది, తిన్నవా అని అడిగినోళ్లు లేరు. తిట్టనీకైనా ఎవరన్న వస్తే బాగుండనిపిస్తది. జయ నా రూమ్మేట్ కాదు సార్. మాది గూడ సంసారమే."

నేను ఒక్కొక్కరి మొహమే చూశాను. ఎవరో ఒక్కరు మొహం తిప్పుకున్నా ఆ అమ్మాయి మళ్లీ ఎక్కడా నోరు తెరవదు. నేను పెదవి కదిపేలోపే పద్మక్క కుర్చీ బరబరా ఈడ్చుకుంటూ వెళ్లి సునీత పక్కన వేసుకుని కూర్చుంది. ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"ఎట్లైంది బిడ్డా?" అని అడిగింది.

సునీత చెప్పింది. వంటింట్లో నిలబడి జయ 'ఇంక చాలు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి మూర్తి గారు కళ్లద్దాలు తీసేశారు. చాలాసేపు వాటిని చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నారు.

"చూడమ్మాయ్, అబద్ధం ఆడను. ఆడపిల్లా ఆడపిల్లా సంసారమంటే నాకు సరిగ్గా బుర్రకెక్కలేదు. కానీ 'ఇంక చాలు' అన్న మాట మటుకు నాకు బాగా తెలుసు. మా ఆవిడా అదే అంది. అదీ వంటింట్లోనే." ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "నిన్ను టు-లెట్ బోర్డు కట్టమన్నాను కదూ? ఎంత మాట అన్నానమ్మా!"

ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు. నేను టిష్యూ డబ్బా మధ్యలో పెట్టి ఊరుకున్నాను.

తరవాతి శనివారం మూర్తి గారు టిఫిన్ క్యారియరుతో వచ్చారు. నేను గుమ్మంలోనే ఆపి, గదిలో తినకూడదన్న నియమం గుర్తు చేశాను.

"నియమం సంగతి తెలుసు మేడం. ఇవాళ గ్రూపు కాదు, పరామర్శ. బయట కలవకూడదన్నారు గనక వాళ్లింటికి వెళ్లలేం. అందుకని ఇదే వాళ్ల ఇల్లనుకుందాం. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదండీ, పక్కింటివాళ్లే తెచ్చిపెడతారు. చారన్నం, అంతే. నేనే వండాను, కొంచెం అడుగంటింది."

"మనిషి బతికే ఉందండీ, పుణెలో" అన్నాను.

"నా లలితా బతికే ఉంది, ఉప్పల్లో. పరామర్శకు మా ఇల్లు సరిపోయినప్పుడు ఈ అమ్మాయి ఇల్లు ఎందుకు సరిపోదు?"

సునీత వంక చూశాను. ఆమె తల ఊపింది. "మా చర్చిల దీన్ని ఆదరణ కూడిక అంటరు మేడం. సంఘంల ఎవరింట్ల పోయినా చేస్తరు. నాకెవరు చేస్తరు, చెయ్యనియ్యున్రి" అంది.

గోడ వారగా చాప పరిచాం. సునీత దాని మీద కూర్చుంది. మూర్తి గారు బయట వసారాలో మిగిలినవాళ్లకు పద్ధతులు చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది. "బాగున్నావా అని అడక్కూడదు. జయను ఒక్క మాట అనకూడదు, తెలిసిందా? ఎలా జరిగిందమ్మా అని అడగండి, వినండి. బయటికి వచ్చేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు. లేచి వచ్చెయ్యడమే." చావు ఇంటినుంచి బయల్దేరేటప్పుడు వెళ్లొస్తాననరు. అలాంటి పనికి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు గనక. ఈ సంగతి మన తెలుగువాళ్లలో తెలియనివాళ్లుండరు.

ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఒక్కొక్కరూ చాప ఎదురుగా కూర్చుని అదే ప్రశ్న అడిగారు. ప్రతివాళ్లకూ సునీత మొదటి నుంచీ చెప్పింది. నేను తలుపు పక్కన కూర్చుని, ఇన్నేళ్ల నా పనిలో ఎప్పుడూ చూడనిది చూశాను. మొదట పద్మక్కకు చెప్పినప్పుడు కథ జయ వెళ్లిపోయిన పొద్దున మొదలై అక్కడే ముగిసింది. తర్వాత వచ్చిన వాళ్లకు చెప్పినప్పుడు కథ ఇంకాస్త వెనక్కి వెళ్లింది, గౌలిగూడ ఇల్లు వెతుక్కున్న రోజుల దాకా. ఆఖరున మూర్తి గారు వచ్చి కూర్చునేసరికి అది ఇద్దరూ మొట్టమొదట కలుసుకున్న రోజు నుంచి మొదలైంది. జయకు కాకరకాయ తరగడం రాదనీ, మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీం కోసం క్యూలో నిలబడి ముందున్నవాళ్లతో గొడవ పెట్టుకునేదనీ చెబుతూ సునీత నవ్వింది. ఈసారి అది నిజంగా నవ్వే.

పరామర్శ అంటే మనం ఏదో ఓదార్పు మాట చెప్పడమనుకుంటాం. అసలు పని అవతలి మనిషిది. పోగొట్టుకున్న మనిషి వచ్చిన ప్రతివాళ్లకూ అదే కథ మళ్లీ మళ్లీ చెబుతుంది. చెప్పగా చెప్పగా ఆ చివరి రోజు కాస్త చిన్నదై, దాని వెనకున్న మంచి రోజులు కూడా కనబడటం మొదలవుతుంది. మూర్తి గారి ఇంటికి చుట్టాలు వచ్చారు గానీ ఎవరూ ఆయన కథ అడగలేదు, లలిత తప్పులే అడిగారు. సునీతకు చుట్టాలే రాలేదు. ఒకరికి ఓదార్పు ఎక్కువ, ఒకరికి అసలు లేదు అనుకున్నాను గానీ ఇద్దరికీ అందనిది ఒకటే.

ఆ రోజు చివర్లో చాప మీద మూర్తి గారిని కూర్చోబెట్టింది పద్మక్కే. "మీరు గూడ చెప్పున్రి సార్. లలితమ్మ ఎట్ల కలిసింది?" అంది. ఆయన కథ మొదలుపెడితే ఆపడం కష్టమని అందరికీ తెలుసు. ఎవరూ ఆపలేదు.

చారన్నం అందరం తిన్నాం. అడుగంటిన మాట నిజమే. వెళ్లేటప్పుడు, మామూలుగా మెట్ల మీద నిలబడి సగం అబిడ్స్‌కు వినబడేలా సెలవు తీసుకునే మూర్తి గారు, ఒక్క మాటైనా అనకుండా క్యారియరు పట్టుకుని దిగిపోయారు. సునీత ఆయన వెళ్లిన వైపే చూస్తూ కూర్చుంది.

గ్రూపు ముగిసింది. దసరా సెలవులు వచ్చి వెళ్లాయి. సునీత దగ్గర్నుంచి కబురు లేదు. ఆమె ఊఁ అందో లేదో నాకు తెలియదు. ఫోన్ చేసి అడగడం మా పద్ధతి కాదు. రోజూ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే మాత్రం తలెత్తి చూసేదాన్ని.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆ వారం మొజంజాహీ మార్కెట్లో ఒక్కతే నిలబడి సీతాఫలం ఐస్‌క్రీం తిన్నదట. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదని చెప్పి నవ్వింది. తర్వాత నిదానంగా అసలు సంగతి చెప్పింది.

సెలవులకు ముందే తల్లికి ఫోన్ చేసి, పెళ్లి వద్దని చెప్పిందట. ఎందుకని తల్లి అడిగితే, దాచకుండా జయ సంగతి చెప్పేసిందట. ఆ తల్లి మెదక్ దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. పెళ్లివాళ్లను రావద్దని మాత్రం తనే చెప్పింది. ఆ తర్వాత కూతురు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

"ఇంక అమ్మ గూడ పోయినట్టే అనుకున్న మేడం. మొన్న ఆదివారం తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే అమ్మ. చేతిల డబ్బా. జొన్నరొట్టెలు, పప్పు. లోపటికొచ్చి మంచం మీద కూసోలే, గుమ్మం కాడ కింద కూసున్నది. డబ్బా పక్కకు పెట్టింది. తర్వాత 'ఎట్లైంది?' అన్నది."

"నువ్వు చెప్పావా?"

"చెప్పిన. నడుమల ఓసారి లేచి వంటింట్లకు పోయింది. ఇంక ఇనదనుకున్న. మొఖం కడుక్కొని మల్లొచ్చి కూసున్నది. 'తర్వాత?' అన్నది. మొత్తం ఇన్నది మేడం. మంచిదనలే, చెడ్డదనలే. నాకు రొట్టె తుంపి పెట్టి, నేను తిన్నంక లేచింది."

సునీత కళ్లు నిండాయి గానీ గొంతు స్థిరంగానే ఉంది.

"మా అమ్మ ఏడికి పోయినా 'పోయొస్త బిడ్డా' అని మూడుసార్లంటది. గుమ్మంల ఒకసారి, గేటు కాడ ఒకసారి, గల్లీ మలుపుల తిరిగి ఒకసారి. ఆనాడు ఒక్కసారి గూడ అనలే. ఎన్కకు సూడకుండ పోయింది. మొదలు నాకు గుండె పగిలినట్టైంది. గేటు కాడ నిలబడ్డంక సమజైంది మేడం. అమ్మ నన్ను పరామర్శించి పోయింది."

ఆ రోజు టిష్యూ డబ్బా అవసరం నాకే పడింది.

ఇప్పుడు కొత్తవాళ్లు ఎవరొచ్చినా, ఆడ మగ ఎవరిని పోగొట్టుకుని వచ్చినా, మీ సమస్య ఏమిటని అడగడం మానేశాను. ఎలా జరిగిందని అడుగుతాను. వాళ్లు ఆగితే, తర్వాత అంటాను. పెద్ద పుస్తకాల్లో దీనికి పేర్లున్నాయి, అవీ చదివాను. కానీ ఈ రెండు మాటలూ నాకు ఇచ్చినవాళ్లు పద్మక్కా, మెదక్‌లో నేనెప్పుడూ చూడని ఆ తల్లీ. పరామర్శను నా గదిలోకి మోసుకొచ్చింది మూర్తి గారి అడుగంటిన చారన్నం. వాళ్లందరికీ నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ మధ్యాహ్నం సునీత చెప్పులేసుకుని మెట్లు దిగుతూ సగంలో ఆగింది. తల పైకెత్తి, కింద కళ్లద్దాల షాపువాళ్లకు కూడా వినబడేంత గట్టిగా అంది.

"వెళ్లొస్త మేడం!"

"వెళ్లిరా తల్లీ" అన్నాను.